చిన్న హ్యాచ్‌బ్యాక్‌కి పవర్ పెంచాలంటే: హెడ్ మార్చాలా, క్రాంక్ మార్చాలా, ఇంజిన్ మొత్తం మార్చాలా?

చిన్న హ్యాచ్‌బ్యాక్ నడిపే చాలామందికి ఏదో ఒక దశలో ఈ ఆలోచన పట్టుకుంటుంది. బండి తేలిక, ఇరుకు సందుల్లో కూడా ఇట్టే తిరుగుతుంది, నడుపుతుంటే సరదాగా ఉంటుంది. ఘాట్ ఎక్కేటప్పుడో, ముందున్న లారీని దాటేటప్పుడో మాత్రం ఇంజిన్ ఆయాసపడుతుంది. ఇంకో పాతిక హార్స్‌పవర్ ఉంటే ఎంత బాగుండు అనిపిస్తుంది. వెతకడం మొదలుపెడితే, అదే కంపెనీ అదే బ్లాక్ (సిలిండర్లు ఉండే ఇంజిన్ మొండెం) మీద 16 వాల్వుల హెడ్ (వాల్వులు ఉండే పై భాగం) బిగించి ఇంకో మోడల్ అమ్మిందని తెలుస్తుంది. ఇంకాస్త వెతికితే దానికి టర్బో (ఎగ్జాస్ట్ పొగతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలి నెట్టే పంపు) కూడా ఉందని బయటపడుతుంది. టెన్షన్ అక్కడే మొదలు. వాల్వుల్ని తెరిచే క్యామ్ ఒక్కటి మారిస్తే సరిపోతుందా, హెడ్ మొత్తం తేవాలా, పిస్టన్ల కదలికని తిరుగుడుగా మార్చే క్రాంక్ మార్చాలా, లేక ఆ ఇంజిన్‌నే తెచ్చి దించేయాలా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంజిన్ పార్టులు ఫ్యాక్టరీలో సెట్‌గా తయారవుతాయి. అందులోంచి ఒకటి విడిగా తెస్తే, దాని వెనకాలే ఇంకో నాలుగు తేవాల్సి వస్తుంది. కాబట్టి ఏ పార్ట్ కొనాలి అనే ప్రశ్న కంటే, ఎంత సెట్ తెచ్చుకోగలను అనే ప్రశ్న ముందు వేసుకోవాలి. కింద చెప్పిన దారుల్లో తేడా అంతా అక్కడే ఉంది.

ఒకే ఇంట్లో పుట్టిన ఇంజిన్లు

పార్టులు అటూ ఇటూ మార్చుకోగలగడానికి కారణం కంపెనీల పొదుపు. ఒకసారి బ్లాక్ డిజైన్ చేశాక దాని నుంచి నాలుగైదు రకాలు తీస్తారు. సుజుకీ జీ సిరీస్ చూడండి. 993 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్, 1298 సీసీ, 1324 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్లు, అన్నిటికీ బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 74 మి.మీ. ఒక్కటే. 993కి, 1324కి స్ట్రోక్ (పిస్టన్ కింది నుంచి పైకి కదిలే దూరం) కూడా 77 మి.మీ. అంటే లెక్క ప్రకారం 1324లో ఒక సిలిండర్ తీసేస్తే మిగిలేది 993.

ఇప్పుడు పవర్ చూడండి. అమెరికాలో అమ్మిన జియో మెట్రో కారులో వచ్చిన ఆ 993 సీసీ ఇంజిన్ మామూలు మోడల్‌లో 55 హార్స్‌పవర్. మైలేజీ కోసం మెత్తటి క్యామ్ వగైరా పెట్టిన ఎక్స్‌ఎఫ్‌ఐ మోడల్‌లో 49. ఒక క్యామ్ ఉన్న 8 వాల్వుల 1.3 లీటర్ ఇంజిన్ దాదాపు 70 ఇస్తే, రెండు క్యాములు, 16 వాల్వులు ఉన్న స్విఫ్ట్ జీటీఐ 1298 సీసీ ఇంజిన్ దాదాపు 100 ఇచ్చింది. బోరు అదే, సైజు ఇంచుమించు అదే. గాలి పీల్చే తీరు మారింది, దానితోపాటు ఇంజిన్ ఎంత ఎత్తు ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాకా ఊపిరి నిలుపుకోగలదో అదీ మారింది.

అయితే బోరు ఒకటే అయినంత మాత్రాన హెడ్ వచ్చి కూర్చుంటుందని కాదు. హెడ్ బోల్టుల స్థానాలు, ఆయిల్ దారులు, నీళ్ల దారులు, టైమింగ్ బెల్ట్ లైన్, డిస్ట్రిబ్యూటర్ తిరిగే చోటు, ఇవన్నీ కలవాలి. "అదే కంపెనీ, అదే సీసీ, పట్టేస్తుంది" అన్న మాట మీద డబ్బు పెట్టకండి. రెండు ఇంజిన్ల హెడ్ గ్యాస్కెట్లు (హెడ్‌కి, బ్లాక్‌కి మధ్య లీకు కాకుండా పెట్టే పలచటి పొర) తెచ్చి ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుగుకి ఎదురుగా పట్టుకుంటే, రంధ్రాల్లో ఏవి కలిశాయో ఏవి మూసుకుపోయాయో కళ్లకే కనిపిస్తుంది. నిమిషం పని, సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

దారి ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది: మీకు పవర్ ఏ ఆర్‌పీఎంలో కావాలి?

పవర్ అంటే టార్క్‌ని, అంటే ఇంజిన్ తిప్పే బలాన్ని, ఆర్‌పీఎంతో గుణించగా వచ్చేది. న్యూటన్ మీటర్లలో టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. ఒక ఇంజిన్ 5500 దగ్గర 100 న్యూటన్ మీటర్లు ఇస్తోందనుకోండి, అది సుమారు 77 హార్స్‌పవర్. టార్క్ పిసరంత కూడా పెరగకుండా, అదే 100 న్యూటన్ మీటర్లు 7000 దగ్గర కూడా నిలబడితే అది సుమారు 98 హార్స్‌పవర్. కాగితం మీద ఇరవై పెరిగింది. కానీ మీరు రోజూ 3500 దగ్గర గేరు మార్చే మనిషైతే ఆ ఇరవైని ఎప్పుడూ చూడరు. పైగా పెద్ద క్యామ్ (వాల్వుని ఎక్కువ ఎత్తు, ఎక్కువసేపు తెరిచేది, దీన్నే హై క్యామ్ అంటారు) వల్ల కింద 2000 దగ్గర ఉన్న పికప్ కూడా కొంత పోతుంది.

అందుకే వారం పాటు మీటరు మీద ఒక కన్నేసి ఉంచండి. ఓవర్‌టేక్ చేసేటప్పుడు ముల్లు ఎక్కడ ఉంటోంది? ఎక్కువమంది విషయంలో 4500 దాటదు. వాళ్లకి కావాల్సింది కింది టార్క్, అంటే తక్కువ ఆర్‌పీఎంలో వచ్చే బలం. అది ఎక్కువ సీసీ నుంచో, టర్బో నుంచో, గేరింగ్ నుంచో వస్తుంది. హై క్యామ్ నుంచి రాదు.

రెండోది, ఇప్పుడున్న ఇంజిన్ ఆరోగ్యం. పోయిన పవర్‌ని వెనక్కి తెచ్చుకోవడం కొత్త పవర్ కంటే సులువు. ఇంజిన్ వేడెక్కాక ప్లగ్గులన్నీ ఊడదీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఒక్కో సిలిండర్‌కి కంప్రెషన్ గేజ్ పెట్టి చూడాలి. సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపు ఉంటే ఫర్వాలేదు. ఒకటి తక్కువ చూపిస్తే అందులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే రింగులు లేదా బోరు అరిగింది. పెరగకపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెట్టో లీకవుతోంది. ఈ పరీక్ష చేయకుండా హై క్యామ్ కొనే వాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది.

మూడోది పెట్రోలు, కంట్రోలు. ఎక్కువ గాలి వస్తే ఎక్కువ పెట్రోలు పోయాలి. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్ పూర్తి లోడులో కిలోవాట్ అవర్‌కి 300 గ్రాముల చొప్పున తాగుతుందని లెక్కేస్తే, 75 కిలోవాట్లు, అంటే సుమారు 100 హార్స్‌పవర్ కోసం ఒక్కో ఇంజెక్టర్ నిమిషానికి 127 సీసీ దాకా పోయాలి. ఇంజెక్టర్‌ని నూటికి నూరు శాతం తెరిచి ఉంచకూడదు కాబట్టి కనీసం 150 సీసీ రకం కావాలి. మీ ఇంజెక్టర్ల సైజు, మీ ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) దేనికి తయారైందో తెలుసుకోకుండా ముందుకెళ్తే, ఇంజిన్ పై ఆర్‌పీఎంలో లీన్ అయి (గాలికి తగ్గ పెట్రోలు అందక) పిస్టన్‌ని కరిగించేస్తుంది. మామూలు ఆక్సిజన్ సెన్సర్ గాలికి, పెట్రోలుకి మధ్య 14.7 నిష్పత్తి దగ్గర మాత్రమే కచ్చితంగా చెబుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో 12.5 నుంచి 13 మధ్య ఉందో లేదో చూడాలంటే వైడ్‌బ్యాండ్ సెన్సర్ కావాల్సిందే.

మిగతావి క్లుప్తంగా: క్లచ్, గేర్‌బాక్స్, యాక్సిల్, రేడియేటర్ ఎంత వరకు తట్టుకుంటాయి, బ్రేకులు ఆ వేగానికి సరిపోతాయా, మీరున్న చోట ఇంజిన్ మార్పుని రిజిస్ట్రేషన్‌లో, ఇన్సూరెన్స్‌లో ఎక్కించుకోవచ్చా, నచ్చకపోతే పాత స్థితికి తీసుకురాగలరా. వీటిలో కాగితాల సంగతి ఆఖర్న చూద్దాంలే అని వదిలేస్తే పని మొత్తం అయ్యాక మెడకు చుట్టుకుంటుంది.

మొదటి దారి: ఫిల్టర్, సైలెన్సర్, మానిఫోల్డ్

అందరూ ఇక్కడే మొదలుపెడతారు. తేలిగ్గా బిగించొచ్చు, శబ్దం మారుతుంది, పవర్ పెరిగినట్టు అనిపిస్తుంది. స్టాక్ (ఫ్యాక్టరీ నుంచి వచ్చిన) క్యామ్, స్టాక్ హెడ్ ఉన్న లీటరు ఇంజిన్‌లో నిజంగా వచ్చేది ఒకటి రెండు హార్స్‌పవర్, అదీ పై ఆర్‌పీఎంలో.

ఓపెన్ ఫిల్టర్‌తో నష్టం కూడా రావచ్చు. ఫ్యాక్టరీ ఎయిర్ బాక్స్ బయటి చల్లగాలి తీసుకుంటుంది. ఓపెన్ ఫిల్టర్ బానెట్ కింది వేడిగాలి పీలుస్తుంది. 30 డిగ్రీల గాలితో పోలిస్తే 60 డిగ్రీల గాలి సాంద్రత తొమ్మిది శాతం తక్కువ. ఫిల్టర్ ఇచ్చే లాభం కంటే ఆ తొమ్మిది శాతమే పెద్దది.

పైపు ఎంత లావుంటే అంత మంచిదన్నదీ తప్పే. చిన్న ఇంజిన్‌కి లావు పైపు వేస్తే పొగ వేగం తగ్గి కింది టార్క్ పోతుంది. ఇదే ఇంజిన్ కుటుంబంలో పవర్ ఎక్కువున్న మోడల్ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల నుంచి పొగని కలిపే పైపుల గుత్తి) దొరికితే అది వేయండి, నాలుగు పైపులు రెండుగా, రెండు ఒకటిగా కలిసే 4-2-1 రకమైతే రోడ్డు వాడకానికి ఇంకా మంచిది. ఈ దారిని విడిగా కాకుండా, కింద చెప్పబోయే వాటికి తోడుగా చూడాలి.

రెండో దారి: క్యామ్, హెడ్

ఇక్కడే అసలు సరదా, అసలు తలనొప్పి.

క్యామ్ ఒక్కటి మార్చడం అంటే వాల్వు ఎంత ఎత్తు లేస్తుంది, ఎంతసేపు తెరిచి ఉంటుంది అన్నది మార్చడం. పైన చెప్పిన ఎక్స్‌ఎఫ్‌ఐ లాంటి మైలేజీ మోడల్ మీ దగ్గర ఉంటే, మామూలు మోడల్ క్యామ్ వేయడం మంచి బేరం. ఫ్యాక్టరీ క్యామే, ఫ్యాక్టరీ స్ప్రింగులతోనే నడుస్తుంది, ఐడిలింగ్ చెడదు. అంతకంటే దూకుడు క్యామ్‌కి వెళ్తే స్ప్రింగులు మార్చాలి. బలం చాలని స్ప్రింగు పై ఆర్‌పీఎంలో వాల్వుని సమయానికి మూయలేదు. ఎత్తు ఎక్కువున్న క్యామ్‌కి పాత స్ప్రింగు పెడితే చుట్టలు ఒకదానికొకటి తగులుకుని క్యామ్‌నే విరగ్గొడతాయి.

హెడ్ మార్పుకి బాగా పేరున్న ఉదాహరణ హోండా డీ సిరీస్. 1992–95 సివిక్‌లో 1.5 లీటర్ల డీ15బీ7కి 102 హార్స్‌పవర్, విటెక్ ఉన్న 1.6 లీటర్ల డీ16జెడ్6కి 125. డీ16జెడ్6 విటెక్ హెడ్‌ని విటెక్ లేని డీ సిరీస్ బ్లాక్ మీద పెట్టే పనికి ఔత్సాహికులు 'మినీ మి' అని పేరు పెట్టారు. హెడ్ బోల్టులు కలుస్తాయి. కానీ విటెక్ అంటే ఆయిల్ ప్రెషర్‌తో ఒక క్యామ్ ప్రొఫైల్ నుంచి ఇంకోదానికి మారే ఏర్పాటు. కాబట్టి సరైన గ్యాస్కెట్ ఉండాలి, హెడ్‌కి సరిపడా ఆయిల్ వెళ్లాలి, ఆ ఆయిల్‌ని వదిలే సోలెనాయిడ్‌ని (కరెంటుతో తెరుచుకునే వాల్వుని) ఎప్పుడు తెరవాలో తెలిసిన ఈసీయూ ఉండాలి. డీ15బీ7 ఈసీయూకి ఆ సంగతే తెలియదు. పీ28 లాంటి విటెక్ ఈసీయూ తెచ్చి వైరింగ్ లాగాలి. హెడ్ ఒక్కటే కదా అని మొదలైన పని ఎక్కడికి చేరిందో చూశారుగా.

పాత మినీలో (బ్రిటన్ చిన్న కారు) ఇంకో పాఠం ఉంది. పెద్ద బోరు 1275 సీసీ తరహా ఇంజిన్ల 12జీ940 హెడ్‌కి వాల్వులు పెద్దవి, గాలి బాగా తీసుకుంటుంది. దాన్ని 998 సీసీ బ్లాక్ మీద బిగిస్తే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుని బ్లాక్‌కే తగులుతుంది, ఎందుకంటే 998 బోరు 64.58 మి.మీ. మాత్రమే, 1275ది 70.61. అందుకే బ్లాక్ పై అంచున వాల్వుకి చోటిస్తూ గుంటలు చెక్కాలి. చెక్కడం ఇష్టం లేనివాళ్లు చిన్న బోరు కోసమే వచ్చిన 12జీ295 హెడ్‌తో సరిపెట్టుకుంటారు.

హెడ్ మారిస్తే కంప్రెషన్ నిష్పత్తి (పిస్టన్ కింద ఉన్నప్పటి చోటు, పైకి వచ్చాక మిగిలే చోటుకి ఎన్ని రెట్లు అన్నది) లెక్క తప్పకుండా వేయాలి. 1298 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ 324.7 సీసీ. కంప్రెషన్ 10 అయితే పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీ 36 సీసీ. కొత్త హెడ్ చాంబర్ మూడు సీసీ చిన్నదైతే కంప్రెషన్ 10.8కి పోతుంది. మీరు పోసే పెట్రోలు ఆక్టేన్‌ని బట్టి అది వరమో, నాకింగో (పెట్రోలు అదుపు తప్పి పేలి పిస్టన్‌ని కొట్టడం) అవుతుంది. చాంబర్‌ని కొలవడం కష్టమేమీ కాదు: వాల్వులు, ప్లగ్గు బిగించి హెడ్‌ని తిరగేసి, పైన రంధ్రం చేసిన అద్దంలాంటి ప్లాస్టిక్ పలక గ్రీజుతో అంటించి, సిరంజితో కొలిచి కొలిచి ద్రవం నింపుతారు. బుడగ పోయి నిండేసరికి ఎన్ని సీసీలు పోశారో అదే లెక్క.

ఇంకో పరీక్ష అస్సలు వదలకూడదు. పిస్టన్ నెత్తిన బొమ్మలు చేసే మెత్తటి క్లే ముద్ద అంటించి, దానికి పలచగా నూనె రాసి, పాత గ్యాస్కెట్‌తో హెడ్ బిగించి, టైమింగ్ సరిగ్గా పెట్టి, క్రాంక్‌ని పానాతో చేత్తోనే రెండు చుట్లు తిప్పాలి. హెడ్ తీస్తే క్లేలో వాల్వుల అచ్చు పడి ఉంటుంది. అచ్చుని బ్లేడుతో నిలువుగా కోసి, అడుగున మిగిలిన మందం కొలవండి. ఇన్‌టేక్ దగ్గర 2 మి.మీ., ఎగ్జాస్ట్ దగ్గర 2.5 మి.మీ. ఉంటే నిశ్చింత. తిప్పేటప్పుడు ఎక్కడైనా గట్టిగా తగిలినట్టు అనిపిస్తే పానాని బలవంతంగా లాగొద్దు, ఆపి హెడ్ తీసి చూడండి. స్టార్టర్‌తో తిప్పి చూద్దాం అనుకుంటే వంగిన వాల్వులు చేతికొస్తాయి.

ఈ దారి ఎవరికంటే: బండి ఇంకోటి ఉండి, దీన్ని సెలవు రోజుల్లో విప్పుకోగలిగిన వాళ్లకి, పై ఆర్‌పీఎంలో ఇంజిన్ పాడే పాట అంటే ఇష్టమున్నవాళ్లకి.

మూడో దారి: క్రాంక్ మార్చి సీసీ పెంచడం

కింది టార్క్ కావాలంటే సీసీని మించింది లేదు. కానీ ఎంత పెరుగుతోందో చూసుకోవాలి. లెక్క కోసం పైన చెప్పిన సుజుకీ కొలతలే తీసుకుందాం. 75.5 మి.మీ. స్ట్రోక్ బదులు 77 వేస్తే 1298 కాస్తా 1324 అవుతుంది. పెరిగింది 26 సీసీ, రెండు శాతం. మరి ఇబ్బంది? స్ట్రోక్ 1.5 మి.మీ. పెరిగితే, రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ), పిస్టన్ పాతవే ఉంచితే, పిస్టన్ పైన 0.75 మి.మీ. ఎక్కువ లేస్తుంది. పిస్టన్ అంచుకి, హెడ్‌కి మధ్య ఉండే సందే దాదాపు ఒక మి.మీ. అది పావు మి.మీ.కి దిగుతుంది. వేడికి రాడ్ సాగితే తగులుతుంది. కంప్రెషన్ కూడా 10 నుంచి 11 దాటుతుంది. పిన్ను ఎత్తు వేరుగా ఉన్న పిస్టన్లు వెతకాలి. రెండు శాతం కోసం ఇంజిన్ మొత్తం విప్పడం నన్నడిగితే వృథా.

పెద్ద తేడా వచ్చే చోట కథ వేరు. టయోటా 4ఏ కుటుంబంలో 1587 సీసీ 4ఏజీఈకి 16 వాల్వుల మంచి హెడ్ ఉంది; 7ఏఎఫ్‌ఈకి అదే 81 మి.మీ. బోరుతో 85.5 మి.మీ. స్ట్రోక్, 1762 సీసీ ఉంది. 7ఏఎఫ్‌ఈ బ్లాక్ మీద 4ఏజీఈ హెడ్ పెట్టి చాలామంది కలగాపులగం ఇంజిన్లు కట్టారు. సీసీ పదకొండు శాతం పెరుగుతుంది, అది కాలికి తెలుస్తుంది. 7ఏ బ్లాక్ ఎత్తు ఎక్కువ కాబట్టి టైమింగ్ బెల్ట్ కూడా పొడవుది కావాలి.

సీసీ పెంచినవాళ్లు చేసే తప్పు, పొడవు స్ట్రోక్ ఇంజిన్‌ని పొట్టి స్ట్రోక్ ఇంజిన్‌లా తిప్పడం. హోండాలో బీ18బీ బ్లాక్ మీద బీ16 విటెక్ హెడ్ పెడతారు. బీ16 స్ట్రోక్ 77.4 మి.మీ. 8000 ఆర్‌పీఎంలో దాని పిస్టన్ సగటు వేగం సెకనుకి 20.6 మీటర్లు. బీ18బీ స్ట్రోక్ 89 మి.మీ. దాన్ని 6800 దగ్గర ఆపితే 20.2 మీటర్లు. హెడ్ ఊపిరి ఇస్తోంది కదా అని 8000కి తీసుకెళ్తే 23.7. పైగా రాడ్ మీద పడే లాగుడు ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది. 6800 నుంచి 8000కి వెళ్తే 38 శాతం ఎక్కువ. రాడ్ బోల్టులు మార్చకుండా ఈ పని చేస్తే రాడ్ విరిగి బయటికి పొడుచుకొచ్చి బ్లాక్‌కి కిటికీ పడుతుంది. ఆ బ్లాక్‌లో విటెక్‌కి ఆయిల్ దారి లేదు కాబట్టి బయట నుంచి హెడ్‌కి ఆయిల్ పైపు కూడా వేయాలి.

నాలుగో దారి: ఇంజిన్ మొత్తం

పెద్ద పనిలా కనిపిస్తుంది గానీ, తెలియనివి తక్కువ. అదే బండికి కంపెనీయే పెద్ద ఇంజిన్ వేసి అమ్మి ఉంటే, మౌంటింగులు, యాక్సిళ్లు, రేడియేటర్, పైపులు అన్నీ ఎక్కడో ఒకచోట తయారై ఉన్నట్టే. కంప్రెషన్ ఎంత, వాల్వు తగులుతుందా, ఇంజెక్టర్ చాలుతుందా అనే ప్రశ్నలన్నిటికీ ఫ్యాక్టరీ ఎప్పుడో సమాధానం చెప్పేసింది. మీరు చేయాల్సింది మొత్తం తేవడం: ఇంజిన్, గేర్‌బాక్స్, ఈసీయూ, దాని వైరింగ్, సెన్సర్లు, తాళంచెవి. చెవిలోని చిప్ ఈసీయూతో జత కట్టి ఉంటుంది. ఈసీయూ తెచ్చి చెవి మరిచిపోతే ఇమ్మొబిలైజర్ స్టార్ట్ కానివ్వదు.

చిక్కులు వైరింగ్‌లోనే ఎక్కువ. డ్యాష్‌బోర్డు మీటర్లు, ఏసీ, ఫ్యాన్, పాత బండి వైరు కనెక్టర్లు కొత్త ఈసీయూతో మాట్లాడాలి. ముక్కు బరువు పెరుగుతుంది కాబట్టి ముందు స్ప్రింగులు, బ్రేకులు ఆ పెద్ద మోడల్‌వే వేయడం మంచిది. వేరే కుటుంబం ఇంజిన్‌ని కోసి అతికించి పెట్టడం ఈ దారిలోకి రాదు, అది వేరే ప్రపంచం.

రోజూ ఆఫీసుకి వెళ్లే బండి ఇదే అయితే, నా ఓటు దీనికే. పాత ఇంజిన్‌ని అలాగే మూలన దాచుకోవచ్చు, అవసరమైతే తిరిగి పెట్టొచ్చు.

ఐదో దారి: టర్బో

చిన్న ఇంజిన్‌కి కింది టార్క్ ఇవ్వడంలో టర్బోకి సాటి లేదు. 1987లో వచ్చిన షెవ్రొలే స్ప్రింట్ టర్బో అదే 993 సీసీ ఇంజిన్‌తో 70 హార్స్‌పవర్ ఇచ్చింది. మామూలు స్ప్రింట్‌ది 48. కానీ కంపెనీలు టర్బో మోడల్‌లో సాధారణంగా కంప్రెషన్ తగ్గిస్తాయి, పిస్టన్లు, పెట్రోలు, ఇగ్నిషన్ టైమింగ్ అన్నీ దానికి తగ్గట్టు మారుస్తాయి. మామూలు ఇంజిన్‌కి టర్బో తగిలించి స్టాక్ ఈసీయూతో నడిపితే నాకింగ్ మొదలై, పిస్టన్ మీద రింగుల మధ్య ఉండే సన్నటి గట్లు విరుగుతాయి. కాబట్టి టర్బో మోడల్ ఇంజిన్ మొత్తం దొరికితే నాలుగో దారిలో తెచ్చుకోండి. దొరక్కపోతే, ఈసీయూ ట్యూనింగ్ తెలిసినవాళ్లు దగ్గర లేకపోతే, దీని జోలికి వెళ్లొద్దు.

ఆరో దారి: ఇంజిన్ జోలికి పోకుండా గేరింగ్

చాలామంది పట్టించుకోరు. అదే గేర్‌బాక్స్ కుటుంబంలో ఫైనల్ డ్రైవ్ (చక్రాలకి వెళ్లే ముందు ఉండే ఆఖరి గేరు జత) నిష్పత్తులు రెండు మూడు ఉంటాయి. 3.8 బదులు 4.2 వేస్తే ప్రతి గేరులోనూ చక్రానికి అందే టార్క్ పదిన్నర శాతం పెరుగుతుంది. హైవేలో 3000 దగ్గర తిరిగే ఇంజిన్ 3300 దగ్గర తిరుగుతుంది, మైలేజీ కొంచెం తగ్గుతుంది, శబ్దం పెరుగుతుంది, అంతే. బండికి పెద్ద అల్లాయ్ వీల్స్ వేసి పికప్ పోయిందని బాధపడేవాళ్లు ముందు పాత టైరు సైజుకి రావాలి. ఎత్తు పెరిగిన చక్రం కూడా ఒక రకంగా గేరింగ్ మార్పే, తప్పు దిశలో.

పక్కపక్కన పెట్టి చూస్తే

| దారి | పవర్ పెరిగే చోటు | వెంట తేవాల్సినవి | రిస్కు | వెనక్కి మార్చడం |
|---|---|---|---|---|
| ఫిల్టర్, సైలెన్సర్ | పైన, కొంచెం | పెద్దగా ఏమీ లేవు | తక్కువ | సులువు |
| ఫ్యాక్టరీ క్యామ్ | మధ్య నుంచి పైకి | గ్యాస్కెట్లు, ట్యాపెట్ సెట్టింగ్ (క్యామ్‌కి, వాల్వుకి మధ్య సందు సర్దడం) | తక్కువ | సులువు |
| హెడ్ | పైన | ఈసీయూ, ఇన్‌టేక్, ఇంజెక్టర్లు, కొలతలు | మధ్యస్థం | కష్టమే, కుదురుతుంది |
| క్రాంక్, బ్లాక్ | కింద, మధ్యలో | పిస్టన్లు, రాడ్లు, బేరింగులు, బెల్ట్ | ఎక్కువ | కొత్త ఇంజిన్ కట్టినట్టే |
| ఇంజిన్ మొత్తం | అంతటా | ఈసీయూ, వైరింగ్, గేర్‌బాక్స్, బ్రేకులు, కాగితాలు | మధ్యస్థం | పాతది దాచుకుంటే కుదురుతుంది |
| టర్బో తగిలించడం | కింద, మధ్యలో, బాగా | పెట్రోలు, ట్యూనింగ్, కూలింగ్, క్లచ్ | చాలా ఎక్కువ | కుదురుతుంది, ఇంజిన్ మిగిలితే |
| ఫైనల్ డ్రైవ్ | ఇంజిన్‌లో పెరగదు, చక్రం దగ్గర పెరుగుతుంది | సీళ్లు, బేరింగులు | తక్కువ | గేర్‌బాక్స్ దించాలి |

మీరు ఎలాంటి వారు?

ఊళ్లో తిరగడానికి, అప్పుడప్పుడు ఘాట్ ఎక్కడానికి ఒకటే బండి ఉన్నవాళ్లు ముందు కంప్రెషన్ చూపించి, ప్లగ్గులు, టైమింగ్, ట్యాపెట్లు సరి చేయించుకుని, ఆ తర్వాత కూడా చాలదనిపిస్తే ఫైనల్ డ్రైవ్ ఆలోచించండి. ఇంకా కావాలంటే నేరుగా నాలుగో దారి. మధ్యలో హెడ్ దగ్గర ఆగొద్దు, మీకు కావాల్సిన చోట అది పవర్ ఇవ్వదు.

ట్రాక్ రోజులకి వెళ్లేవాళ్లకి హెడ్, క్యామ్ బాగుంటాయి, ఎందుకంటే అక్కడ ఇంజిన్ ఎప్పుడూ పైనే తిరుగుతుంది. కాకపోతే ఆయిల్ టెంపరేచర్, ఆయిల్ ప్రెషర్ మీటర్లు పెట్టాకే వెళ్లండి.

సొంతంగా ఇంజిన్ కట్టి నేర్చుకోవాలనే కోరిక ఉన్నవాళ్లకి క్రాంక్ దారిని మించిన బడి లేదు. కానీ బండిలో ఉన్న ఇంజిన్‌ని విప్పొద్దు. ఇంకో బ్లాక్ కొని స్టాండ్ మీద కట్టండి. నెలలు పట్టినా బండి తిరుగుతూనే ఉంటుంది. లేత్ పనికి ఇచ్చేటప్పుడు బోరు చేయించాక పిస్టన్లు కాదు, పిస్టన్లు చేతికొచ్చాక వాటిని కొలిచి బోరు. ఈ వరస తప్పితే క్లియరెన్స్ దేవుడికే తెలియాలి.

అమ్మేసే ఉద్దేశం ఉన్నవాళ్లు మాత్రం దేన్నీ ముట్టుకోకండి. మార్చిన ఇంజిన్ ఉన్న బండిని కొనేవాడు అనుమానంగానే చూస్తాడు.

సెకండ్ హ్యాండ్ ఇంజిన్ చూసేటప్పుడు

ఏ దారి పట్టినా ఏదో ఒక పాత ఇంజిన్ కొనాల్సి రావచ్చు. బండిలో ఉండగా నడుస్తుంటే చూడగలిగితే అదృష్టం. దించేసి పెట్టినదైతే బ్లాక్ మీద కొట్టిన ఇంజిన్ కోడ్ చూసి మీకు కావాల్సిన రకమేనా అని ముందు తేల్చుకోండి. పై కవర్ మీద రాసింది నమ్మొద్దు, కవర్లు మారుతుంటాయి. ఆయిల్ మూత తీసి లోపల చూడండి. మీగడలా తెల్లటి నురుగు గట్టిగా పట్టి ఉంటే నీళ్లు కలిసి ఉండొచ్చు. నల్లటి మడ్డి పేరుకుని ఉంటే ఆయిల్ సరిగ్గా మార్చలేదన్నమాట. ప్లగ్గులు తీసి అన్నీ ఒకే రంగులో ఉన్నాయో లేదో చూడండి. ఒకటి మాత్రం ఆవిరితో కడిగినట్టు శుభ్రంగా ఉంటే ఆ సిలిండర్‌లోకి నీళ్లు వెళ్తున్నాయేమో అనుమానించాలి. క్రాంక్‌ని పానాతో తిప్పితే ఎక్కడా పట్టకుండా తిరగాలి. పుల్లీని ముందుకీ వెనక్కీ నెట్టి చూడండి, క్రాంక్ కదలడం స్పష్టంగా కనిపిస్తే థ్రస్ట్ బేరింగ్ పోయింది, ఆ ఇంజిన్ వదిలేయండి.

కొన్నాక, బండిలో దించే ముందే టైమింగ్ బెల్ట్, టెన్షనర్, వాటర్ పంపు, క్లచ్, క్రాంక్ వెనక సీలు మార్చేయండి. ఆ సీలు చిన్నదే, కానీ తర్వాత కారితే గేర్‌బాక్స్ మొత్తం మళ్లీ దించాలి. కొత్త ఇంజిన్‌ని మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ఇంజెక్టర్ల, ఇగ్నిషన్ వైరు కనెక్టర్లు ఊడదీసి, ఆయిల్ ప్రెషర్ లైటు ఆరేదాకా స్టార్టర్‌తో కొద్దికొద్దిగా తిప్పండి. లైటు ఆరకపోతే ఆ కనెక్టర్లు తిరిగి పెట్టకుండా ఆయిల్ ఎందుకు ఎక్కడం లేదో చూడాలి.